తొలి పలకరింపు – స్పానిష్ మర్యాద

ఇంటికి వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, కుశలమడిగిన తరువాతనే వచ్చిన పని సంగతి ఎత్తడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. గుమ్మంలోనే "ఏం పని మీద వచ్చారు?" అని అడిగేవారిని మనం మర్యాద తెలియనివారి క్రింద జమ కడతాము. ఇటువంటి సంస్కారంలో పుట్టి పెరిగిన మేమే, పరాయి దేశంలో ఒక కర్మాగారంలో అడుగుపెట్టిన రోజున ఆ పద్ధతిని పూర్తిగా మరచిపోయాము. ఆ పొరపాటును, దానిని దిద్దుకొనే క్రమంలో నేర్చుకొన్న కొన్ని స్పానిష్ మాటలను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట్లాడని పెద్దాయన

2008వ సంవత్సరం ఫిబ్రవరిలో, మన సంస్థకు రావలసిన ఒక కంప్రెసర్‌ను రవాణాకు ముందే పరీక్షించి చూడడానికి మేము ముగ్గురు ఇంజనీర్లము స్పెయిన్ దేశపు ఉత్తర భాగంలోని ఒక పట్టణానికి వెళ్ళాము. ఉదయం ఎనిమిది గంటలకే టెస్ట్ బెడ్ వద్దకు చేరుకొన్నాము. చేతిలో డ్రాయింగులు, జేబులో పెన్ను, మనస్సులో తిరుగు ప్రయాణపు తేదీ. వెళ్ళీ వెళ్ళగానే "బేరింగు ఉష్ణోగ్రత ఎంత? వైబ్రేషన్ రీడింగు ఎంత?" అంటూ ప్రశ్నలు మొదలుపెట్టాము. అక్కడి యువ ఇంజనీరు ఇంగ్లీషులో సమాధానాలు చెబుతున్నాడు. యంత్రం ప్రక్కనే నీలిరంగు దుస్తులలో, పదవీ విరమణకు దగ్గరపడిన వయస్సులో ఉన్న ఒక ఫిట్టరు నిలబడి ఉన్నారు. ఆ యంత్రాన్ని కూర్చి బిగించినది ఆయనే. మేము ఆయన చేతిలోని డయల్ గేజీని చూశాము గాని ఆయనను చూడలేదు.

రెండు రోజులు ఇలాగే గడిచాయి. రీడింగులన్నీ పరిమితులకు లోబడే ఉన్నాయి. పెద్దాయన మాత్రం మాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంగ్లీషు రాకపోవడమే కారణమని మేము సరిపెట్టుకొన్నాము. రెండవ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ, మాకు దుబాసిగా ఉన్న అమ్మాయి సంకోచిస్తూ ఒక సంగతి చెప్పింది. "మీరేమీ అనుకోకపోతే ఒక మాట. వచ్చిన దగ్గర నుండి మీరు ఎవరికీ 'బ్వెనోస్ దియాస్' చెప్పలేదు. షాపులో అందరూ దాని గురించే అనుకొంటున్నారు."

మా ముగ్గురికీ ముద్ద దిగలేదు. ఆ సాయంత్రం హోటలు గదిలో, ఆ అమ్మాయి వ్రాసి ఇచ్చిన కాగితాన్ని ముందు పెట్టుకొని, పరీక్షకు చదివే పిల్లలవలె ఆ మాటలను వల్లె వేశాము.

వేళను బట్టి పలకరింపు

ఆ కాగితంలో మొదటి మాట "బ్వెనోస్ దియాస్". అర్థం శుభోదయం వంటిదే. అయితే మనం పుస్తకాలలో తప్ప శుభోదయం అని పలకము. స్పానిష్ వారు ఈ మాటను ఊపిరి తీసినంత సహజంగా పలుకుతారు. మధ్యాహ్నం దాటిన తరువాత "బ్వెనాస్ తార్దెస్" అంటారు. చీకటి పడిన తరువాత "బ్వెనాస్ నోచెస్" అంటారు. ఇంగ్లీషులో 'గుడ్ నైట్' అనేది సెలవు తీసుకొనేటప్పుడు చెప్పే మాట. "బ్వెనాస్ నోచెస్" మాత్రం రాత్రివేళ ఎదురుపడినప్పుడూ చెల్లుతుంది, వీడుకోలుకూ చెల్లుతుంది. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటల మధ్య జరుగుతుంది. కనుక ఒంటిగంటన్నరకు కూడ "బ్వెనోస్ దియాస్" అనేవారు అక్కడ కనిపిస్తారు. ఉదయానికి హద్దు గడియారంలోని పన్నెండు గంటలు కాదు, భోజనం.

"ఓలా" అనే చిన్న మాట కూడ ఉన్నది. స్నేహితుల మధ్య అది ఒక్కటే చాలును. కొత్తవారితో "ఓలా, బ్వెనోస్ దియాస్" అని రెండూ కలిపి అనడం మన్ననగా ఉంటుంది. దుకాణంలోనికి వెళ్ళినా, లిఫ్టు ఎక్కినా, ఆసుపత్రిలో పదిమంది కూర్చున్న చోటికి వెళ్ళినా ముందు ఈ మాట అనవలెను. ధర అడగడం, దారి అడగడం ఆ తరువాతి సంగతి. అది లేకుండా ప్రశ్న వేస్తే, ఎదుటివారిని మనిషిగా కాక సమాచారమిచ్చే కిటికీగా భావించినట్లవుతుంది. టెస్ట్ బెడ్ వద్ద మేము చేసినది సరిగ్గా అదే.

"ఉస్తెద్" అంటే తమరు

ఇక రెండవ పాఠం. ఇంగ్లీషులో చిన్నవారికీ పెద్దవారికీ 'యూ' ఒక్కటే. స్పానిష్‌లో అట్లా కాదు. "తూ" అంటే నీవు. "ఉస్తెద్" అంటే మీరు. నీవు, మీరు తేడా తెలియక పరాయివారు తికమకపడతారేమో గాని తెలుగువారికి ఆ బాధ లేదు. ఒకరిని ఏకవచనంతో పిలిచామా, బహువచనంతో పిలిచామా అన్నదాని మీద మన ఊళ్ళలో పెళ్ళిళ్ళే ఆగిపోగలవు. "తూ" అని పిలవడాన్ని చెప్పడానికి స్పానిష్‌లో "తుతెఆర్" అని ప్రత్యేకంగా ఒక క్రియాపదమే ఉన్నది. మనం "ఏకవచనంలో మాట్లాడడం" అంటామే, అచ్చంగా అదే.

"ఉస్తెద్" అనే పదం పుట్టుక ఆసక్తికరమైనది. పూర్వం గౌరవనీయులను "బ్వెస్త్రా మెర్సెద్" అని సంబోధించేవారు. 'మీ దయ', 'మీ కృప' అని దానికి అర్థం. వాడుకలో అరిగి అరిగి 17వ శతాబ్దం నాటికి అది "ఉస్తెద్" అయినది. అందువలననే ఎదుటివారితో మాట్లాడుతున్నా క్రియను మాత్రం మూడవ వ్యక్తిని గురించి చెప్పినట్లు వాడతారు. "మీరు ఎట్లా ఉన్నారు?" అనడానికి "కోమో ఎస్తా ఉస్తెద్?" అంటారు. దీనికి అక్షరాలా అర్థం "తమ కృప ఎట్లా ఉన్నది?" అన్న తీరులో ఉంటుంది. "అయ్యగారు భోజనం చేశారా?" అని ఎదుట ఉన్న అయ్యగారినే అడిగే అలవాటు మనకు లేదా? ఆ పోలిక పట్టుకొంటే వ్యాకరణ సూత్రం కంఠస్థం చేయనవసరం లేదు. స్నేహితునితో అయితే "కోమో ఎస్తాస్?" అంటే సరిపోతుంది.

చాలామంది స్పానిష్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకొంటారు. అక్కడే చిక్కు వస్తుంది. ఇంగ్లీషు 'యూ'ను మధ్యలో పెట్టుకొంటే "తూ", "ఉస్తెద్" రెండూ ఒకే గుంటలో పడతాయి. తెలుగు నుండి నేరుగా వెళితే ఎవరికి ఏది వాడాలో మన నాలుకకే తెలుస్తుంది.

పేరు అడగడం, పేరు చెప్పడం

"మీ పేరేమిటి?" అనడానికి "కోమో సే యామా ఉస్తెద్?" అనవలెను. "నా పేరు ఫలానా" అనడానికి "మే యామో..." అని పేరు చెప్పవలెను. మాలో ఒకరి వద్ద ఉన్న జేబు పుస్తకంలో "కోమో తే యామాస్?" అని ఉన్నది. అది "నీ పేరేమిటి?" అని పసివాడిని అడిగే తీరు. మా దుబాసి ఆ పుస్తకాన్ని చూసి నవ్వి, దానిని పెట్టెలోనే ఉంచమని సలహా ఇచ్చింది.

పేరుతో పాటు గౌరవ వాచకాలు కూడ తెలిసి ఉండాలి. "సెఞ్యోర్" అంటే శ్రీ. వివాహిత అయిన స్త్రీకి, పెద్ద వయస్సు స్త్రీకి "సెఞ్యోరా" అంటారు. వీటిని ఇంటిపేరుతో కలిపి వాడతారు. ఇవిగాక "దోన్", "దోఞ్యా" అనేవి ఉన్నాయి. ప్రభువు అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుండి పుట్టిన ఈ మాటలను ఇంటిపేరుతో కాక సొంత పేరుతో కలుపుతారు. మనం కూడ సుబ్బారావు గారూ అని సొంత పేరుకే 'గారు' చేరుస్తాము. 'గారు' వెనుక వస్తుంది, 'దోన్' ముందు వస్తుంది. తేడా అంతే.

స్పానిష్ వారికి సాధారణంగా రెండు ఇంటిపేర్లు ఉంటాయి. మొదటిది తండ్రిది, రెండవది తల్లిది. స్పెయిన్‌లో స్త్రీలు పెళ్ళి తరువాత కూడ తమ ఇంటిపేర్లను మార్చుకోరు. 1982లో నోబెల్ బహుమతి పొందిన కొలంబియా రచయిత గబ్రియేల్ గార్సియా మార్కెస్‌ను మనం తరచు 'మార్క్వెజ్' అని క్లుప్తంగా అంటాము. గార్సియా ఆయన తండ్రి ఇంటిపేరు, మార్కెస్ తల్లి ఇంటిపేరు. ఆయనను గార్సియా మార్కెస్ అని రెండూ కలిపి పిలవడమే సరి అయినది. కనుక కొత్తవారి పేరు కార్డు చూసి చివరి మాటనే ఇంటిపేరుగా పట్టుకొని పిలవరాదు. మన పేర్లతో వారికీ ఇంత చిక్కే ఉన్నది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది గదా! మాలో ఒకరి ఇంటిపేరునే సొంత పేరుగా భావించి గేటు వద్ద బ్యాడ్జీ తయారుచేశారు. ఆయన ఉన్నన్ని రోజులూ ఇంటిపేరుతోనే పిలిపించుకొన్నారు.

"కలిసినందుకు సంతోషం"

పేర్లు చెప్పుకొన్న తరువాత అనవలసిన మాటలు ముఖ్యంగా మూడు ఉన్నాయి.

"మూచో గూస్తో" – చాలా సంతోషం. ఎవరితోనైనా, ఎక్కడైనా చెల్లుతుంది. ఒక్కటే మాట నేర్చుకొనే ఓపిక ఉన్నవారు దీనిని నేర్చుకొంటే చాలును.

"ఎన్‌కాంతాదో" – ముగ్ధుడనైనాను అని అర్థం. ఇది పురుషులు అనే మాట. స్త్రీలు "ఎన్‌కాంతాదా" అనవలెను. లింగభేదం ఎదుటివారిని బట్టి కాదు, మాట్లాడేవారిని బట్టి వస్తుంది. తెలుగులో "వస్తున్నాను" అని స్త్రీ పురుషులిద్దరూ ఒకే విధంగా అంటారు. హిందీలో మాత్రం ఆతా హూఁ, ఆతీ హూఁ అని తేడా ఉన్నది. రాజభాష తరగతులలో కూర్చున్న మన సహోద్యోగులకు ఇది సులభంగానే బోధపడుతుంది.

"ఎస్ ఉన్ ప్లాసేర్" – ఇది నాకు ఆనందం. కొంచెం లాంఛనంగా ఉండే మాట. సమావేశాలలో, పై అధికారులను కలిసినప్పుడు బాగుంటుంది.

ఈ మూడింటిలో దేనినైనా ఎదుటివారు ముందుగా అంటే, "ఇగ్వాల్‌మెంతే" అనవలెను. "నాకూ అంతే" అని అర్థం. మన వెంట ఉన్నవారిని పరిచయం చేయవలసి వస్తే "లే ప్రెసెంతో ఆ..." అని వారి పేరు చెప్పాలి. "తమకు ఫలానావారిని పరిచయం చేస్తున్నాను" అని దాని భావం.

మూడవ రోజు ఉదయం

మూడవ రోజు మేము గేటు దగ్గర కాపలావాడితో మొదలుపెట్టి, కనిపించిన ప్రతివారికీ "బ్వెనోస్ దియాస్" చెబుతూ షాపులోనికి వెళ్ళాము. టెస్ట్ బెడ్ వద్ద డ్రాయింగులు బల్ల మీద పెట్టి, నేరుగా పెద్దాయన వద్దకు వెళ్ళాము. మాలో పెద్దవారు చేయి చాచి, "బ్వెనోస్ దియాస్, సెఞ్యోర్. కోమో సే యామా ఉస్తెద్?" అని తడబడుతూ అడిగారు. ఆయన చేతికి అంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకొని, మా ముగ్గురితోనూ కరచాలనం చేసి తన పేరు చెప్పారు. పక్కన రెండు రోజులు నిలబడిన మనిషి పేరు మాకు మూడవ రోజున తెలిసింది. ఆయన అనుమతి తీసుకొనలేదు గనుక ఆ పేరును ఇక్కడ వ్రాయడం లేదు. "ఉస్తెద్" ఎందుకు, "తూ" అనవచ్చునని ఆయనే నవ్వుతూ అన్నారు. స్పెయిన్‌లో ఇప్పుడు "తూ" వాడకం బాగా పెరిగినది. అయినా తొలి మాట "ఉస్తెద్"తో మొదలుపెట్టి, వారు అనుమతించిన తరువాతనే "తూ"లోనికి దిగడం క్షేమం.

గంట తరువాత ఆయన మమ్మల్ని వేలితో పిలిచి మోటారు పాదాల దగ్గరకు తీసుకొనిపోయారు. నాలుగు పాదాలలో ఒకదాని క్రింద ఫీలర్ గేజీ పెట్టి చూపించారు. ఆ పాదం బేస్ ఫ్రేము మీద పూర్తిగా ఆనడం లేదు. దాని క్రింద ఆయన 0.3 మిల్లీమీటర్ల షిమ్ము వేసి బిగించారు. అందుకనే రీడింగులు అంత బాగున్నాయి. రవాణా కోసం మోటారును విడదీసినప్పుడు ఆ షిమ్ము ఊడి వస్తుంది. మేము తీసుకొన్న కాగితాలలో దాని ప్రస్తావన లేదు. మా దుబాసి ద్వారా ఆయన చెప్పినది ఒక్కటే మాట: "మీ ఊళ్ళో బిగించేటప్పుడు ముందు ఈ కాలు చూడండి."

మన ప్లాంటులో యంత్రాన్ని నిలబెట్టిన రోజున మేము ముందు ఆ కాలే చూశాము. ఆ మాట తెలియకపోతే వైబ్రేషన్ ఎక్కడ నుండి వస్తున్నదో ఎన్ని రోజులు వెదికేవారమో చెప్పలేము. పెద్దాయనకు మా మీద కోపం ఉండి మొదటి రెండు రోజులు చెప్పలేదని మేము అనుకోవడం లేదు. పలకరించనివారికి పిలిచి చెప్పడం ఎట్లాగో ఆయనకు తెలియలేదు, అంతే.

దేశానికొక తీరు

స్పానిష్ ఒక్క స్పెయిన్ భాష కాదు. మెక్సికో నుండి అర్జెంటీనా, చిలీల వరకు, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీతో సహా 20 దేశాలలో ప్రభుత్వ వ్యవహారాలు ఈ భాషలో నడుస్తున్నాయి. ఇది మాతృభాషగా కలవారు దాదాపు 50 కోట్లమంది. ఇన్ని దేశాలలో మర్యాద ఒకే తీరుగా ఉండదు.

మెక్సికోలో పేరు చెప్పిన తరువాత "పారా సెర్‌వీర్‌లే" అని చేర్చేవారు ఉన్నారు. "తమ సేవకు సిద్ధం" అని అర్థం. మాట వినబడకపోతే అక్కడివారు "మాందే" అంటారు. "ఆజ్ఞాపించండి" అని దాని అర్థం. మన పూర్వులు పలికే "చిత్తం" గుర్తుకు రావడం లేదా? కొలంబియాలోని బొగోతా ప్రాంతంలో స్నేహితులు, భార్యాభర్తలు సైతం "ఉస్తెద్" అనుకోవడం వినవచ్చును. అక్కడి కొండ ప్రాంతాలలో "సు మెర్సెద్" అనే పాత పలుకు కూడ నేటికీ ఆప్యాయంగా వినిపిస్తుంది. అర్జెంటీనాలో "తూ" బదులు "బోస్" అంటారు.

స్పెయిన్‌లో స్త్రీలతో పరిచయమైనప్పుడు రెండు చెంపలకు చెంపలు ఆనించడం వాడుక. మెక్సికో, అర్జెంటీనాలలో ఒక చెంప. ఉద్యోగ వ్యవహారాలలో కరచాలనం చాలును. ఏది చేయాలో తోచనప్పుడు చేతులు జోడించి నవ్వితే తప్పుగా భావించినవారిని మేము చూడలేదు.

మన నాలుకకు తేలిక

ఈ భాష ఉచ్చారణ తెలుగువారికి అనుకూలమైనది. స్పానిష్‌లోని త, ద ధ్వనులు ఇంగ్లీషు ట, డల వంటివి కావు, మన దంత్యాక్షరాలకు దగ్గరవి. "సెఞ్యోర్"లోని ధ్వనికి మన వర్ణమాలలో 'ఞ' సిద్ధంగా ఉన్నది. స్పానిష్‌లో "పెరో" అంటే 'కాని', "పెఱ్ఱో" అంటే కుక్క. మనం వాడుకలో వదిలివేసిన బండి 'ఱ' ఇక్కడ అక్కరకు వస్తుంది. మాటకు ముందున్న 'హెచ్' అక్షరాన్ని పలకరు. "ఓలా" అనే మాట రోమన్ లిపిలో ఆ అక్షరంతోనే మొదలవుతుంది.

ప్రభుత్వరంగ సంస్థలకు ఈ భాషతో పని పెరుగుతూనే ఉన్నది. వెనిజువెలాలోని సాన్ క్రిస్తోబల్ చమురు క్షేత్రంలో ఓఎన్‌జీసీ విదేశ్ 2008లో భాగస్వామి అయినది. అర్జెంటీనాలోని కాతామార్కా రాష్ట్రంలో లిథియం అన్వేషణకు ఖనిజ్ విదేశ్ ఇండియా లిమిటెడ్ 2024 జనవరిలో ఒప్పందం చేసుకొన్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు ఇంగ్లీషు తరువాత అక్కడ ఎక్కువగా వినిపించే భాష కూడ ఇదే. క్రమంగా నేర్చుకొనగోరేవారికి హైదరాబాదులో ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, ఢిల్లీలో ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఉన్నాయి.

అయితే భాష అంతా వచ్చేవరకు ఆగనవసరం లేదు. మేము నేర్చినవి పట్టుమని పది మాటలే. ఆ పెద్దాయనకు మా ఉచ్చారణ నచ్చి ఉండదు, వ్యాకరణమూ నచ్చి ఉండదు. తన పేరు అడిగాము, అది నచ్చింది. పరదేశానికి వెళ్ళినప్పుడే కాదు, రేపు ఉదయం మన షాపు ఫ్లోరు మీదికి వెళ్ళినప్పుడు కూడ రీడింగు అడిగే ముందు ఆ రీడింగు తీసే మనిషిని పలకరిద్దాము. మన పక్క మెషీను వద్ద పనిచేసే కాంట్రాక్టు కార్మికుని పేరు మనలో ఎంతమందికి తెలుసు?

పాఠకులందరికీ మా "బ్వెనోస్ దియాస్".